లాగు బలము, నిలుపు బలము



గత మాసమున ఈ పుటలో ఊరగాయ జాడీలకు ఎండ చూపుటను గూర్చి వ్రాసితిని. ఈ మాసము వంటింటి గడప దాటి వీథిలోనికి వచ్చుచున్నాను. బండ్లు, వాహనములు పురుషుల వ్యవహారము, వాని నడుమ మనకేమి పని యని కొందఱు అనవచ్చును. ఆ బండిలో కూర్చుండువారము మనము, మన బిడ్డలు. అందు సామానులు సర్దువారమును మనమే. బండి యొఱగిన దినమున చేయి విఱిగినది మా అత్తగారికి గాని తోలిన మగవానికి గాదు. కనుక ఈ విషయమున మాటాడుటకు నాకును అధికారము కలదని తలంచుచున్నాను.

మా మెదకు పట్టణమునకు ఇరువది కిలోమీటర్ల లోపుననే నాగ్సానిపల్లి కడ మంజీరానది ఏడు పాయలై చీలి పాఱుచున్నది. ఆ పాయల నడుమ బండరాళ్ల చాటున వనదుర్గాభవాని కొలువై యున్నది. ఏడుపాయల యనిన ఈ సీమలో తెలియనివారు లేరు. మహాశివరాత్రికి అచట మూడు దినములు జాతర. రెండవనాడు అలంకరించిన బండ్లు ఊరేగును, మూడవనాడు రథోత్సవము. అంత జనమునకు గదులెచట దొరకును? కుటుంబములు పొలములలోను, నదియొడ్డునను పొయ్యి రాజవేసికొని, బండ్లక్రిందనో టార్పాలిను క్రిందనో పరుండుట పూర్వాచారము. అనగా ఇంటిలో సగమును వెంట గొంపోవలసినదే. ఒకప్పుడు గూడు కట్టిన ఎడ్లబండి ఆ పని చేసెను. ఇప్పుడు ట్రాక్టరు వెనుక ట్రాలీ చేయుచున్నది.

మూడేండ్ల క్రిందట మేమును బంధువులతో గలసి ట్రాక్టరు ట్రాలీలోనే జాతరకు పోతిమి. పదునెనమండ్రము, అందు సగము మంది పిల్లలు. పోవునపుడు ఏమియు గాలేదు. మరలి వచ్చునపుడు ఒక వాగు వంతెనకు దిగు పల్లమున గొఱ్ఱెలమంద అడ్డము రాగా తోలువాడు తటాలున బ్రేకు త్రొక్కెను. ట్రాక్టరు నిలిచెను, ట్రాలీ నిలువలేదు. దానికి బ్రేకులే లేవు గదా! అది వెనుకనుండి ట్రాక్టరును త్రోసి, ప్రక్కకు మెలిత్రిప్పి, తానును అడ్డము తిరిగి గట్టునకు ఒఱగెను. దైవకృపచే తలక్రిందులు కాలేదు. మా అత్తగారి కుడిచేయి ఇనుపపలక సందున బడి విఱిగెను. నేటికిని ఆమె ఆ చేతితో బిందె నెత్తలేదు. గడ్డిమీద బడిన నా చిన్నకూతురు ఏడ్వను గూడ మఱచి నావంక జూచిన చూపు నాకు కలలో గనబడుచుండును.

తోలినవాడు చెడ్డవాడు కాడు, త్రాగియు నుండలేదు. తన ట్రాక్టరు నలువదియైదు అశ్వబలము గలదనియు, ఎంత బరువునైనను లాగుననియు అతడు చెప్పుకొనెడివాడు. ఆ మాటలో అసత్యమేమియు లేదు. లాగినది, నిలుపలేకపోయినది.

అంతకు మునుపే, 2018 జూన్ మాసమున, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ ప్రాంతమున పొలము పనికి పోవు కూలి స్త్రీలతో నిండిన ట్రాక్టరు మూసీ కాలువలో బడి పదిమందికి మించి అసువులు బాసిరి. ఆ వార్త చదివి కన్నీరు పెట్టుకొన్నవారమే మేము. అయినను జాతర రాగానే ట్రాలీ యెక్కితిమి. చట్టము ప్రకారము ఆ ట్రాలీ ధాన్యమునకు, ఎరువునకు, ఇటుకలకు గాని మనుష్యులకు గాదు. ప్రమాదము జరిగిన పిమ్మట బీమా సొమ్మును గూర్చి అడుగబోయిన వారికి ఈ సంగతి మొదటిసారి తెలియును. మాకును అట్లే తెలిసినది. అత్తగారి చేతికైన వ్యయమంతయు మా పంతులుగారి జీతమునుండియే పోయినది.

గడచిన వానకాలము ముగిసిన పిమ్మట మా మఱది యొక వెనుకబండి చేయించెను. అతడు వ్యవసాయము చేయువాడైనను చేతిపనులయందు మిక్కిలి మక్కువ గలవాడు. రెండు చక్రములు, నడుమ ఒక్క ఇరుసు, రేకు గోడలు, వాలుకప్పు, లోపల నలుగురు పరుండుటకు మడతపలకలు, ఒక మూల స్టవు గట్టు, పాత్రలకు అఱలు. చూడ ముచ్చటగా నున్నది. దానికి రవాణా కార్యాలయమున వేఱుగా నమోదు చేయింపవలయుననియు, వెనుక ఎఱ్ఱదీపములు ముందుబండి దీపములతో గలసి వెలుగవలయుననియు మా పంతులుగారు పట్టుబట్టి ఆ పని ముగించిరి. ఆ కాగితముల కథ మఱియొక మాసమునకు చాలును.

ఇక దీనిని లాగునదేది? ఇంట మూడు దినములు ఇదే చర్చ. మా మఱది ట్రాక్టరు వైపు మొగ్గెను. మా పంతులుగారికి తమ చిన్నకారుమీద మమకారము, పెట్రోలు తక్కువ త్రాగునని వాదము. మా తోడికోడలు వేసవిలో బాసరకును ఈ బండిమీదనే పోవుదుమని అప్పుడే ముహూర్తము నిర్ణయించుచున్నది. నేను అందఱి మాటలు విని, "కదలునపుడు మనము ఏడుగురము కూర్చుండునదెచట?" అని యడిగితిని. ఎవ్వరును పలుకలేదు. వెనుకబండిలో ననుకొని యుండిరి కాబోలు! ఆ బండిలో పరుండవచ్చును, వండుకొనవచ్చును, అది నిలిచియున్నపుడు మాత్రమే. చక్రము తిరుగునంతసేపు అందు పిల్లి కూడ నుండరాదని నా పట్టుదల. ఈ యొక్క నియమముతో ట్రాక్టరు మాట దానంతటదే తొలగిపోయెను. దానికున్నది ఒక్క పీఠము. చక్రముపై రేకుమీద కూర్చుండుట ట్రాలీకంటెను అపాయకరము.

అప్పుడు అంతవఱకు మౌనముగా నున్న మా అత్తగారు, "ఎద్దు గుంజుడు చూసి కొనరు బిడ్డా, ఆపుడు చూసి కొంటరు" అనిరి.

ఆమె పుట్టినింట కచ్చురపు బండి యుండెడిది. ఒంగోలు గిత్తల కీర్తి లోకమెఱుగును గాని, మా వైపు బీదరు దిక్కునుండి వచ్చు దేవణి జాతి ఎడ్లకు వాడుక యెక్కువ. పశువుల అంగడిలో అమ్మువాడు నిండుబండికి ఎడ్లను గట్టి ఎత్తుమీదికి తోలి చూపెడివాడట. చూచువారు భళీ యనెడివారట. ఆమె తండ్రి మాత్రము, "అది సరే, చెఱువుకట్ట మీదినుండి క్రిందికి తోలు" మనెడివారట. దిగునపుడు గిట్టలు నేలకు తన్నిపెట్టి, మెడ వెనుకకు విఱిచి, బరువును ఆపుకొనుచు అడుగుదీసి అడుగు వేసిన జతను బేరమాడెడివారు. బండి త్రోయగా పరుగందుకొన్న జతను, ఎంత అందమైనదైనను, వదలివేసెడివారు. రెండు ఎడ్లును ఒక్క యెత్తున లేకున్న కాడి వాలి పొట్టిదాని మెడపై భారమంతయు బడునని గూడ ఆమె చెప్పిరి.

ఈ మాట విన్నపుడు నాకు చిన్ననాడు నాయనగారు వల్లె వేయించిన అమరము జ్ఞప్తికి వచ్చినది. ధుర్యము, ధౌరేయము, ధురీణము, ధురంధరము అను నవి యన్నియు కాడి మోయు ఎద్దునకు పేళ్లు. మనము సభలలో పెద్దమనుష్యులను ధురంధరులని పొగడుచు, ఆ బిరుదు మొదట ఎద్దుదని మఱచిపోయినాము. మా పంతులుగారికి ఈ సంగతి చెప్పగా వారు నవ్వి, తమకు ఆ బిరుదు తగునని యొప్పుకొనిరి.

అత్తగారు చెప్పిన రెండవ సంగతి సర్దుటను గూర్చినది. ఇది మన విద్య గనుక చెవియొగ్గి వింటిని. ఎడ్లను గట్టుటకు ముందు వారి తండ్రిగారు కాడిని చేతితో నెత్తి చూచెడివారట. అది దానంతట పైకి లేచెనా, బండి వెనుకమొగ్గు. అట్టి బండి నడచునపుడు మెడత్రాళ్లు ఎడ్ల గొంతును బిగించును. ఎంత యత్నించినను కాడి లేవదా, ముందు బరువు మిక్కిలి. ఎడ్ల మెడలు పుండ్లు పడును. చేతికి ఒక నిండుబిందె యంత బరువు తోచిన సరి. లేకున్న ఆడువారిని జరుపుట మొదలు. "లావుపాటి మేనత్త ఎన్నడును వెనుక కూర్చుండలేదు, పాపము ఆమెకు కారణము తెలియదు" అని అత్తగారు చెప్పి నవ్విరి.

ఇతర దేశములలో ఇట్టి వెనుకబండ్లు గృహస్థులకు పాతవే. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను ఒక మాజీ నౌకావైద్యుడు 'వాండరర్' అను పేర సుమారు రెండు టన్నుల చక్రపుటిల్లు కట్టించి, రెండు గుఱ్ఱములచే లాగించుకొని, ఇంగ్లండు దక్షిణమునుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ వఱకు పోయెను. తరువాత గుఱ్ఱము పోయి మోటారు వచ్చినది. ఆ దేశమున లెక్కలు స్థిరపడినవి. ఆ లెక్కలు చదివినపుడు నాకు మా అత్తగారి తండ్రియే కనబడెను. వెనుకబండి మొత్తపు బరువులో నూటికి ఐదు మొదలు ఏడు పాళ్లు ముందుబండి కొక్కెముపై ఆనవలయునట. ఇది ఆయన చేతి బిందె లెక్కయే గదా! అంతకంటె తక్కువైన వెనుకబండి వేగమందుకొనగానే అటునిటు ఊగనారంభించి ముందుబండిని గూడ ఊపివేయును. ఎక్కువైన ముందుబండి వెనుక భాగము క్రుంగి, ముందు చక్రములు నేలను గట్టిగా పట్టజాలవు, త్రిప్పినను తిరుగవు.

అన్నిటికంటె నన్ను కదిలించినది మఱియొక లెక్క. తనకు స్వంత బ్రేకులు లేని వెనుకబండి బరువు 750 కిలోలు మించరాదు. అంతేగాక ముందుబండి వట్టి బరువులో సగమును మించరాదు. బ్రేకులున్నను క్రొత్తగా నేర్చువారు వెనుకబండి బరువును ముందుబండి బరువులో నూటికి ఎనుబదియైదు పాళ్లు దాటనీయకుండుట మేలని అచటి సంఘములవారి సలహా. ఈ మాటలలో ఎచటను అశ్వబలము ప్రసక్తి లేదు, చూడుడు! లాగుటకు ఇంజను చాలును. నిలుపుటకు బరువు, బ్రేకులు, నేలను పట్టు చక్రములు కావలయును. వేగము రెండింతలైన నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఇది మా పంతులుగారు పిల్లలకు చెప్పు పాఠమే. ఆ ట్రాలీ యెక్కిననాడు వారికిని గుర్తు రాలేదు.

కనుక ముందు తూచవలయునని నిశ్చయించితిమి. వెనుకబండిలో జాతరకు కావలసినవన్నియు సర్ది పట్టణమున ధర్మకాంటాకు గొంపోయితిమి. వడ్లలారీల నడుమ మా చిన్నయిల్లు నిలువగా అందఱును నవ్విరి. వట్టిబండి 480 కిలోలు, సర్దిన పిమ్మట 820! నాకు నోట మాట రాలేదు. పఱుపులు, టార్పాలిను, బియ్యము, గ్యాసుబండ, ఇవి సరే. వెనుక మూలన నూఱు లీటర్ల నీళ్లపీపా నిండుగా నున్నది, అనగా నూఱు కిలోలు. దాని ప్రక్కన గోనెలో చుట్టి ఎవ్వరికిని చెప్పకుండ పెట్టిన మా అత్తగారి సన్నెకల్లు. పచ్చడికి అది లేకున్న రుచి రాదట. ఇరువది కిలోల రుచి!

నీళ్లు నదికడ దొరకును గనుక పీపాను ఖాళీ చేసితిమి. సగము నిండిన పీపా మఱియు చెడ్డది, నీరు అటునిటు కొట్టుకొని బండిని కదలించును. సన్నెకల్లును గూర్చి అరగంట బేరమాడవలసి వచ్చినది. తుదకు ఆమెయే, "మా నాయనైతే దించుతుండె" అని దించివేసిరి. బండి 700 కిలోలకు వచ్చెను. పిమ్మట సమతలమున నిలిపి కొక్కెము క్రింద ఇంటి కాటా పెట్టి చూడగా అందు పదునైదు కిలోలే చూపెను. నిక్కముగా వెనుకమొగ్గు! బియ్యపు సంచులు, గ్యాసుబండ ఇరుసునకు కొంచెము ముందు వైపునకు జరిపి, తేలికయైన పఱుపులను వెనుకకు పంపగా నలువదిరెండు చూపెను. మూడుమాఱులు సర్దవలసి వచ్చినది. బరువైన వస్తువులు క్రింద, ఇరుసు దగ్గఱ, తేలికవి పైన. అఱలలో ఇత్తడి బిందెలు పెట్టవలదు, పల్లమున అవియే ముందుగా దూకును.

బరువు తెలిసిన పిమ్మట ముందుబండిని ఎన్నుకొనుట కష్టము కాలేదు. మా పంతులుగారి చిన్నకారు బరువు సుమారు 750 కిలోలు. వెనుకబండియు రమారమి అంతే. మేకపిల్ల మెడకు బఱ్ఱెను గట్టినట్లుండును. పైగా దాని యింజను త్రిప్పునది ముందు చక్రములను. కొక్కెము బరువు వెనుక బడి ఆ ముందు చక్రములే తేలికయగును. తయారు చేసినవారిచ్చిన పుస్తకమున బండిని లాగుటకు అనుమతియే లేదు. పంతులుగారు ఆ పుట రెండుమాఱులు చదివి మౌనము వహించిరి. మా మఱది స్నేహితునియొద్ద ఏడుగురు కూర్చుండు బొలెరో యున్నది. సుమారు 1600 కిలోల బరువు, క్రింద ఉక్కు చట్రము, తిరుగునవి వెనుక చక్రములు. మా 700 దానిలో సగమునకు లోపుననే యున్నది. కొక్కెమును అలంకారపు బంపరునకు గాక ఆ చట్రమునకే బిగింపవలయును. బిగించుటకు ముందు రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుటయు, కొక్కెము తెగినను బండి విడిపోకుండ గొలుసు వేయుటయు మఱువరాదు. చక్రములలో గాలి, బ్రేకులు ముందునాడే చూపించితిమి.

ఆదివారము బడిమైదానమున మా మఱది అభ్యాసము చేసెను. వెనుకకు నడపుట వింతవిద్య. కుడికి త్రిప్పిన వెనుకబండి ఎడమకు పోవును. ప్రక్క పీఠమున కూర్చుండి మా పంతులుగారు చేసినది శల్యసారథ్యము తప్ప మఱొకటి గాదు. మఱది ఓర్పు గలవాడు గనుక సరిపోయినది.

శివరాత్రినాటి యుదయము బయలుదేఱితిమి. గంటకు నలుబది కిలోమీటర్లు దాటరాదని షరతు. ఆ వాగు వంతెన పల్లము రాగా అత్తగారు మాట మానిరి. మఱది పల్లము మొదలు కాకముందే గేరు తగ్గించి, బ్రేకుమీద కాలు నిలిపియుంచక, ఇంజను బిగువుననే మెల్లగా దింపెను. వెనుకబండి ఊగినయెడల తటాలున బ్రేకు త్రొక్కక, చుక్కాని నిటారుగా పట్టి, వేగము మెల్లగా విడువవలయునని ముందే అనుకొంటిమి. ఆ యవసరము రాలేదు. అత్తగారు ఎడమచేతితో నా చేతిని పట్టుకొని వెనుక అద్దములోనికే చూచుచుండిరి. వంతెన దాటిన పిమ్మట వక్కపొడి సంచి విప్పిరి.

అచట మా ప్రక్కన విడిసినవారు ట్రాక్టరు ట్రాలీలో వచ్చినారు. పచ్చడికి వారి సన్నెకల్లునే యడిగి తెచ్చుకొంటిమి, నవ్వకుడు! ఆ యింటి యిల్లాలు మా బండి లోపలంతయు చూచి, అత్తగారి చేతి కథ విని, "మాకు బొలెరో ఏడికెళ్లి వస్తది అక్కా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద వెంటనే జవాబు లేకపోయినది. మాకును అది ఎరువు సొమ్మే గదా. కొంత తడవునకు నాకు తోచినదిది. సామాను ట్రాలీలో రావచ్చును, అది దానికొఱకే యున్నది. మనుష్యులు బస్సులో రావచ్చును. జాతరకు మెదకునుండి ఆర్టీసీవారు ప్రత్యేకముగా బస్సులు నడుపుదురు. 2023 డిసెంబరు 9 నుండి ఈ రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు, బాలికలకు టికెట్టు లేదు. "బస్సులో తొక్కులాట" అని ఆమె పెదవి విఱిచెను. నిజమే, త్రొక్కులాటయే.

మూడవనాడు రథోత్సవము చూచి మేము సర్దుకొనుచుండగా ఆ యిల్లాలు ఇద్దఱు ఆడుపిల్లలను, ముసలి అత్తను వెంటబెట్టుకొని బస్సులు నిలుచు చోటికి పోవుచుండెను. ఆమె మగడు ట్రాలీకడ నిలిచి ఏమో గొణుగుచుండెను. ఆమె వెనుదిరిగి చూడక, సన్నెకల్లును ట్రాలీలో ముందు వైపున పెట్టుమని మాత్రము కేకవేసి చెప్పెను.